ప్రస్థానం పెట్టె

సోమవారం పొద్దున్న ఇడ్లీలు తింటూ వినీత్ చెప్పిన పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. బుధవారం తెల్లవారగానే తాముండే ప్లెయిన్స్‌బరోలో బయలుదేరాలి. దారిలో ఎక్కడో ఒకచోట ఆగి పులిహోర తినాలి. చీకటి పడేలోగా వెర్మాంట్ కొండల్లో అద్దెకు తీసుకున్న చెక్క ఇంటికి చేరాలి. గురువారం నుంచి మంచు మీద స్కీయింగ్. క్రిస్మస్ సెలవుల్లో ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరూ ఎక్కడికో ఒకచోటికి వెళుతున్నప్పుడు తామొక్కళ్ళే ఇంట్లో కూర్చోవడం బాగుండదని అతని భార్య దేదీప్య నెల క్రితమే బుక్ చేసేసింది.

"వెర్మాంట్ అంటే మనకి ఏ దిక్కు అల్లుడుగారూ?" అని అడిగారు ధర్మారావుగారు.

ఆయన దేదీప్య తండ్రి. ఏలూరులో ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. చలికాలం గడపడానికి అమెరికా వచ్చిన ఏకైక మనిషి ఆయనేనేమో. ఇంట్లో హీటర్ నడుస్తున్నా మంకీ క్యాప్ తియ్యరు. ఆయన ఏ ప్రశ్నా ఊరికే అడగరని వినీత్‌కు తెలుసు. తెలిసి కూడా ఫోన్లో మ్యాప్ తెరిచి, "నేరుగా ఉత్తరం మావయ్యగారూ" అని గర్వంగా చూపించాడు.

"బుధవారం ఉత్తరానికి శూల" అన్నారాయన, చట్నీ గిన్నె పక్కకు జరుపుతూ.

"నాన్నా, ఇప్పుడు డేట్ మార్చడం కుదరదు. క్యాన్సిల్ చేస్తే వాళ్ళు రిఫండ్ కూడా ఇవ్వరు" అంది దేదీప్య.

"మానమని నేనెక్కడన్నానే? ప్రస్థానం పెడదాం. ఇవాళ సాయంత్రం మంచి ఘడియ ఉంది."

"తాతా, ప్రస్థానం అంటే ఏంటి?" అంది హంసిక. ఎనిమిదేళ్ళ పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ ప్రతి మాటనూ కొంచెం చుయింగ్ గమ్‌లా సాగదీస్తుంది.

"మంచిరోజున మనకి వెళ్ళడం కుదరకపోతే మన సామాను ముందు బయలుదేరుతుందమ్మా. పెట్టె ఒకటి పొరుగింట్లో పెడతాం. అప్పటినుంచే మన ప్రయాణం మొదలైనట్టు లెక్క. బుధవారం మనం వెళ్ళి పెట్టెని కలుసుకుంటాం, అంతే."

"ఓహ్, ఎర్లీ చెకిన్!" అంది హంసిక.

"అదే" అన్నారు తాతగారు, శాస్త్రం ఇంత సులువుగా అర్థం చేసుకున్న మనవరాలి వంక మెచ్చుకోలుగా చూస్తూ.

వినీత్ అడ్డు చెప్పలేదు. ఏ దిక్కుకు ఏ రోజు శూల ఉందో అతనికి అక్కర్లేదు. అతని గుండెలో గుచ్చుకుంటున్నది వేరే ఉంది. పోయిన దీపావళికి ఇల్లు సర్దుతుంటే హంసికకు ఒక పాత ఫొటో దొరికింది. ఎమ్మెస్ చదివే రోజుల్లో స్నేహితులతో ఒక మంచు కొండకు వెళ్ళి, ఎవరివో స్కీలు కాళ్ళకు తగిలించుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని దిగిన ఫొటో. ఫొటో తీసిన మరుక్షణం వినీత్ వెల్లకిలా పడ్డాడు. ఆ రోజంతా కింద కాఫీ కొట్టులో కూర్చుని అందరి బ్యాగులకూ కాపలా కాశాడు. ఆ సంగతి ఫొటోలో లేదు.

"నాన్నా, యు కెన్ స్కీ?" అంది హంసిక కళ్ళు ఇంతింత చేసుకుని. కూతురు అలా చూస్తుంటే కాదని చెప్పడం ఎంత కష్టమో కూతుళ్ళున్న వాళ్ళకు తెలుస్తుంది. "ఏదో, కొంచెం" అన్నాడు. ఆ కొంచెం ఇంట్లోంచి బడికీ, బడి నుంచి స్నేహితుల ఇళ్ళకూ వెళ్ళి తిరిగొచ్చేసరికి 'ఎక్స్‌పర్ట్' అయి కూర్చుంది. స్కీ క్లాసులో చేర్పిస్తామంటే, "ఎందుకు? నాన్న నేర్పిస్తాడు కదా" అంది హంసిక. ఆ క్షణం నుంచి వినీత్ ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి స్కీయింగ్ వీడియోలు చూస్తున్నాడు. చూసినకొద్దీ ధైర్యం తగ్గుతోంది.

గురువారం కొండ మీద కూతురి ఎదుట తన పరువు పోబోతోంది. ఈ లోపల జ్వరం రావాలి, లేదా మంచు కరగాలి. రెండూ జరిగే సూచనలు కనిపించలేదు.

ఖాళీ పెట్టె ప్రస్థానానికి పనికిరాదని ధర్మారావుగారు పట్టుబట్టడంతో దేదీప్య పెద్ద నల్ల సూట్‌కేసులో అందరి స్నో జాకెట్లూ, మందపాటి ప్యాంట్లూ, గ్లౌజులూ సర్దేసింది. కారులో హీటర్ ఉంటుంది కాబట్టి దారిలో మామూలు కోట్లు చాలు. గుర్తుగా పిడికి ఎర్ర రిబ్బను కట్టింది. సాయంత్రం మంచి ఘడియలో ఆ పెట్టెను మామా అల్లుళ్ళు ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే రాజ్, మీనా వాళ్ళ హాల్లో పెట్టి వచ్చారు. ఆ హాలు అప్పటికే రైల్వే ప్లాట్‌ఫారంలా ఉంది. మీనా వాళ్ళమ్మ దమయంతిగారు బుధవారం రాత్రి ఫ్లైట్‌కి హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. ఆవిడ సామాను గోడ పొడుగునా బారులు తీరింది.

"ఒకసారి పెట్టాక పెట్టె మళ్ళీ మన గుమ్మం తొక్కకూడదు. ప్రయాణం రోజున నేరుగా కార్లోకే" అని హెచ్చరించారు ధర్మారావుగారు.

బుధవారం తెల్లవారుజామున వినీత్ వెళ్ళి తలుపు తట్టాడు. రాజ్ కళ్ళు సగమే తెరిచి, "అదిగో వినీత్ గారూ, అక్కడే ఉంది, తీసుకోండి" అని గోడ వైపు చెయ్యి ఊపి మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు. మసక చీకట్లో ఎర్ర రిబ్బను కనిపించింది. వినీత్ ఆ పెట్టెను లాక్కుంటూ లిఫ్టు దాకా తెచ్చి, కారులోకి ఎత్తేసరికి నడుం పట్టేసింది.

"జాకెట్లు ఇంత బరువుంటాయా?" అన్నాడు వగరుస్తూ.

"ఏమండీ, వింటర్ జాకెట్లంటే ఉండవా మరి?" అంది దేదీప్య. ఆమె మొగుణ్ణి మామూలుగా 'వినీత్' అనే పిలుస్తుంది. తండ్రి వచ్చిన దగ్గర్నుంచీ 'ఏమండీ'లోకి మారింది.

దారి పొడుగునా ధర్మారావుగారు ప్రసన్నంగా ఉన్నారు. హంసిక మాత్రం డల్‌గా ఉంది. "మమ్మీ, నా టమ్మీ హర్ట్ అవుతోంది" అని రెండుసార్లు అంది. దేదీప్య ఫ్లాస్కులోంచి వాము నీళ్ళు తాగించింది. "మా హంసీ రేపు కొండ మీంచి జుయ్యిమని దిగుతుంది చూడండి, వాళ్ళ నాన్న పోలిక" అని తాతగారు ఉత్సాహపరిచారు. దాంతో ఆ పిల్లకు కడుపునొప్పి ఇంకా ఎక్కువైంది. వినీత్‌కు కూడా మొదలైంది కానీ అతనికి వాము నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు.

చెక్క ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయింది. బయట మోకాలెత్తు మంచు. దేదీప్య హాల్లో పెట్టె తెరిచి అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖం చూసి అందరూ చుట్టూ చేరారు. లోపల బాదం పప్పు ప్యాకెట్లు, విటమిన్ మాత్రల డబ్బాలు, ఒంటికి రాసుకునే లోషన్లు, నొప్పుల మందులు, అల్యూమినియం ఫాయిల్ చుట్టలు, పెళ్ళివారికి పంచేటన్ని చాక్లెట్లు. జాకెట్ కాదు కదా, చేతి గ్లౌజు ఒక్కటి లేదు.

"ఇది దమయంతి ఆంటీ పెట్టె!" అంది దేదీప్య.

వెంటనే మీనాకు ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేసింది. అవతల ఎయిర్‌పోర్టు గోల వినిపిస్తోంది.

"మీనా, మీ అమ్మగారి నల్ల సూట్‌కేస్ మా దగ్గరకొచ్చేసింది!"

"మా అమ్మదా? ఛ, లేదు దేదీప్యా. అన్నీ చెకిన్ చేసేశాం. అమ్మ సెక్యూరిటీ దాటి లోపలికి కూడా వెళ్ళిపోయింది."

"నల్లది, ఎర్ర రిబ్బను. మీరు చెకిన్ చేసిన నల్లది బరువెంతుంది?"

"అయ్యో, అమ్మ పెట్టెకీ ఎర్ర రిబ్బనే కట్టాం!" అంది మీనా. తరువాత రాజ్ గొంతు వినిపించింది. "అదే ఆశ్చర్యపోయామండీ. అత్తయ్యగారి పెట్టె మొట్టమొదటిసారి లిమిట్ కన్నా తక్కువ వచ్చింది. ఎంత హ్యాపీ అయిపోయామంటే, చెకిన్ కౌంటర్ దగ్గరే తెరిచి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టని, మీనా ఇక్కడ పెట్టిన పచ్చడి సీసాలు పక్క జేబులో కుక్కేశాం. పైన దుప్పట్లలాంటివేవో ఉన్నాయి, అత్తయ్యగారు కొన్నారేమో అనుకున్నాం."

"అవి మా స్నో ప్యాంట్లు రాజ్!" అని అరిచింది దేదీప్య.

ఇక చేసేదేముంది! కుటుంబం చలిబట్టలన్నీ పచ్చడి సీసాలతో సహా హైదరాబాద్ వెళ్ళిపోతున్నాయి.

ఆ మాట చెవిన పడగానే వినీత్‌కు ఒళ్ళు తేలికైపోయింది. జాకెట్ లేదు, ప్యాంటు లేదు, కాబట్టి స్కీయింగ్ లేదు. కాబట్టి పరువు పోదు! కిటికీలోంచి కొండల వైపు చూస్తే అవి ఎంతో అందంగా కనిపించాయి. మామగారి శాస్త్రజ్ఞానానికి మనసులో సాష్టాంగపడి, పైకి మాత్రం నిట్టూర్చాడు.

"ఏం చేస్తాం, మనకి రాసిపెట్టి లేదు. ఇంట్లోనే ఉండి వేడివేడిగా పకోడీలు వేసుకుందాం."

దేదీప్య ఊరుకోలేదు. ఊళ్ళో ఉన్న దుకాణాలన్నిటికీ ఫోన్ చేసింది. సెలవుల రద్దీలో అద్దె బట్టలు ఎప్పుడో అయిపోయాయట. స్కీలూ బూట్లూ మాత్రం కావలసినన్ని ఉన్నాయట. "అయ్యో" అన్నాడు వినీత్, ప్రతి ఫోన్ తరువాతా. విచిత్రం ఏమిటంటే హంసిక కూడా ఏడవలేదు, పేచీ పెట్టలేదు. "ఇట్స్ ఓకే నాన్నా" అని రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకు తింది. కడుపునొప్పి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

అన్నం ముట్టనిది ధర్మారావుగారు ఒక్కరే. "నా మూలంగానే కదా ఇదంతా. పసిదాని సరదా పాడుచేశాను" అంటూ మంకీ క్యాప్ ఇంకాస్త కిందికి లాక్కుని పడుకున్నారు.

గురువారం పొద్దున్న లేచి చూస్తే ఆయన పక్క ఖాళీ. బయట తలుపు దగ్గర ఆయన బూట్లు లేవు, మంచులో అడుగుల గుర్తులు మాత్రం ఉన్నాయి. దేదీప్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వినీత్ ఉన్న ఒక్క కోటూ తొడుక్కుని కారు తాళాలు వెతుకుతుండగా, భుజాన రెండు పెద్ద ప్లాస్టిక్ సంచులు వేసుకుని ధర్మారావుగారు లోపలికి వచ్చారు. రాత్రి దిగులంతా ముఖంలో ఎక్కడా లేదు.

"రోడ్డు చివర చర్చి కింద పాత బట్టలు అమ్ముతున్నారమ్మా. ఒక పెద్దావిడ తలుపు తీస్తోంది. ప్రస్థానం పెట్టిన దగ్గర్నుంచీ జరిగిందంతా చెప్పాను. ఎంత శ్రద్ధగా విందనుకున్నావ్! అర్జెంటుగా ఎక్కడికో వెళ్ళాలని వాచీ చూసుకుంటూనే విన్నది పాపం" అని సంచులు కుమ్మరించారు. దేదీప్యకు ఊదా రంగు జాకెట్టు, హంసికకు పసుపుపచ్చది, ప్యాంట్లు, గ్లౌజులు. "అల్లుడుగారికి మాత్రం స్పెషల్."

ఆయన విప్పి చూపించింది ఎర్రటి జాకెట్. వీపు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో 'స్కీ ఇన్‌స్ట్రక్టర్' అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"మావయ్యగారూ, ఇదెందుకండీ?" అన్నాడు వినీత్.

"మా అల్లుడు నిపుణుడండీ అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి వెతికి ఇది తెచ్చింది. మీకు తగ్గదే దొరికింది!"

హంసిక జాకెట్ వంక చూసింది, నాన్న వంక చూసింది. "మమ్మీ, నా టమ్మీ..." అని మొదలుపెట్టింది. అప్పటికే దేదీప్య ఆమెకు ప్యాంటు తొడిగేస్తోంది.

కొండ కింద కొత్తవాళ్ళు నేర్చుకునే చదునైన చోట పిల్లల గుంపు ఒకటి నిలబడి ఉంది. వాళ్ళ టీచరు ఇంకా రాలేదట. తల్లిదండ్రులు చలికి కాళ్ళు మార్చుకుంటూ అటూ ఇటూ చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే అద్దె స్కీలు తగిలించుకుని, కర్రలు ఆనించుకుంటూ ఎర్ర జాకెట్ అటు వచ్చింది.

"హమ్మయ్య, వచ్చారు!" అందొక తల్లి. వినీత్ నోరు తెరిచేలోగా హంసిక ముందుకొచ్చి, "హీ ఈజ్ మై డాడ్! హీ ఈజ్ యాన్ ఎక్స్‌పర్ట్!" అని అందరికీ వినపడేలా చెప్పింది. గొంతులో గర్వం ఉంది, ఎందుకో కొంచెం వణుకూ ఉంది. ఆ మాటతో తల్లిదండ్రులు తమ పిల్లలను అతనికి అప్పజెప్పి, కాఫీ కోసం పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయారు. "వెయిట్, ఐ యామ్ నాట్..." అంటూ వినీత్ వాళ్ళ వెనక తిరగబోయాడు. స్కీలు మాత్రం తిరగలేదు. అతను పక్కకు ఒరిగి, చేతులు గాల్లో తిప్పి, దబ్బుమని పడ్డాడు.

పిల్లలందరూ మెడలు చాచి చూశారు. అందరికన్నా చిన్నవాడు ముక్కు ఎగబీల్చి, "మేం కూడా అలా చెయ్యాలా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మంచులో పడుకున్న వినీత్‌కు ఆకాశం కనిపించింది, దానికి అడ్డంగా కూతురి ముఖం కనిపించింది. "యెస్" అన్నాడు. "ఫస్ట్ లెసన్. ఫాలింగ్."

మరుక్షణం పిల్లలందరూ కేరింతలు కొడుతూ దబదబా పడిపోయారు. లేచారు. మళ్ళీ పడ్డారు. వినీత్ కూడా వాళ్ళతోపాటు లేవబోయి కుడివైపు పడ్డాడు, ఎడమవైపు పడ్డాడు, ఒకసారి కూర్చున్నట్టుగా పడ్డాడు. ప్రతి పాటునూ పిల్లలు శ్రద్ధగా చూసి నేర్చుకున్నారు. బాగా పడ్డవాళ్ళకు జేబులోంచి దమయంతిగారి చాక్లెట్లు తీసి ఇచ్చాడు.

కంచె అవతల ధర్మారావుగారు ఫోన్లో వీడియో తీస్తూ, "అల్లుడుగారు ఎంత ఓపిగ్గా పడుతున్నారో చూడవే" అని మురిసిపోతున్నారు. దేదీప్య కాసేపు కళ్ళు చికిలించి చూసింది. తరువాత, తండ్రి పక్కనే ఉన్నాడన్న సంగతి మరిచిపోయి, "వినీత్!" అంది. ఆ ఒక్క పిలుపుతో భార్యకు సంగతి తెలిసిపోయిందని అతనికి అర్థమైంది.

అంతలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె, అలాంటి ఎర్ర జాకెట్టే వేసుకుని, స్కీల మీద జారుతూ హడావిడిగా వచ్చి ఆగింది. ఆవిడను చూడగానే ధర్మారావుగారు కంచె మీంచి ఉత్సాహంగా చెయ్యి ఊపారు. పాత బట్టల దగ్గర ఆయన కథ విన్నది ఆవిడే. క్లాసుకు ఆలస్యమైందీ అందుకే. ఆవిడ వినీత్ వేసుకున్న జాకెట్‌ను గుర్తుపట్టింది. తరువాత అతను లేవబోయి మళ్ళీ పడిన తీరును పరీక్షగా చూసింది. వంగి, పిల్లలకు వినపడకుండా ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు జన్మలో ఎప్పుడూ స్కీ చెయ్యలేదు కదూ?"

"లేదు మేడమ్" అన్నాడు వినీత్. నెలన్నర తరువాత నిజం చెప్పేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"మొదటిరోజు పిల్లలకు పడటమంటే భయం. అది పోగొట్టడానికి నాకు ఒక పూట పడుతుంది. నువ్వు ఆ పని అరగంటలో చేశావు. ఇక జాకెట్ తిరగేసి తొడుక్కుని వెళ్ళి వరసలో చివర నిలబడు" అందావిడ. లోపలి బట్ట బూడిదరంగుది, దాని మీద ఏ అక్షరాలూ లేవు.

వినీత్ జాకెట్ తిరగేసుకుని, పాకినంత పని చేసి వరస చివరకు చేరాడు. ముందు హంసిక నిలబడి ఉంది. ఇక దాచి లాభం లేదనిపించింది. ఇంతసేపూ దాని ముందు పడ్డాడు, ఇంకొక్కసారి పడితే పోయేదేముంది.

"హంసీ, నాన్నకి స్కీయింగ్ రాదమ్మా. ఆ ఫొటో ఉంది చూశావా, అది తియ్యగానే పడిపోయాను. అంతే. నీకు ముందే చెప్పాల్సింది. సారీ."

హంసిక వెనక్కి తిరిగి చూసింది. పిల్ల ఏడుస్తుందనుకున్నాడు వినీత్. హంసిక నవ్వింది. స్కీలతోనే అడ్డదిడ్డంగా వచ్చి అతని నడుం చుట్టూ చేతులు వేసింది.

"రియల్లీ నాన్నా? నీకు కూడా రాదా? నేను ఎంత భయపడ్డానో తెలుసా! నువ్వు ఎక్స్‌పర్ట్ కదా, నాకు రాకపోతే నువ్వు శాడ్ అయిపోతావని... అందుకే నా టమ్మీ డైలీ హర్ట్ అయింది."

వినీత్ కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్న బుర్రలో ఇంత బరువు పెట్టుకుని పిల్ల ఎన్నాళ్ళు తిరిగిందో తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. ఆ వెంటనే కొండంత హాయి కూడా అనిపించింది. కూతుర్ని దగ్గరకు తీసుకోబోయాడు. ఇద్దరూ కలిసి పడ్డారు. ఈసారి ఎవరికీ నేర్పడానికి కాదు. మధ్యాహ్నానికి హంసిక చిన్న వాలు మీద పడకుండా జారింది, వినీత్ పడుతూ జారాడు. ఇంటికొచ్చాక దేదీప్య చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పింది, నడుముకు మందు కూడా రాసింది. మందు దమయంతిగారి పెట్టెలోదే.

శుక్రవారం పొద్దున్న అందరూ ఉప్మా తింటుండగా దమయంతిగారి వీడియో కాల్ వచ్చింది. అక్కడ సాయంత్రం. ఆవిడ వెనక సోఫాలో వాళ్ళ తమ్ముడు వినీత్ స్నో జాకెట్ వేసుకుని, చేతులకు గ్లౌజులతో టీ తాగుతున్నాడు.

"ఏమనుకోకండి బాబూ, ఇక్కడ ఈ ఏడు చలి కాస్త ఎక్కువగా ఉంది. మా వాడు వాకింగ్‌కి వేసుకెళితే కాలనీ అంతా ఎక్కడ కొన్నావని అడిగారట" అందావిడ. "నా బాదం పప్పులు జాగ్రత్త. చాక్లెట్లు ఉన్నాయిగా?"

"కొన్ని క్లాసుకి వాడాం ఆంటీ" అన్నాడు వినీత్.

ధర్మారావుగారు ఫోన్ దగ్గరగా వచ్చి, మంకీ క్యాప్ పైకి తోసుకుని, తెర మీద కనిపిస్తున్న జాకెట్‌ను తృప్తిగా చూశారు.

"చూశారా అల్లుడుగారూ! మంచి ఘడియలో పెట్టిన ప్రస్థానం. పెట్టె చిన్న గీత కూడా పడకుండా క్షేమంగా చేరింది."

ఎక్కడికి చేరాలో ఆ ఘడియకు ఎవరూ చెప్పలేదు మరి.